బాపట్ల నుంచి కాకినాడ దాకా కారులో: ఏడు రోజుల తీరప్రయాణం ఎలా వేసుకోవాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. హైదరాబాద్ నుంచి సొంత కారు. మీరిద్దరూ, పదేళ్లు, ఏడేళ్ల పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు. జనవరి మొదటి వారంలో ఏడు రోజుల సెలవు. మొదటిరోజే విశాఖ చేరి, అక్కడినుంచి సముద్రం పక్కనే నడుపుకుంటూ కాకినాడ, అంతర్వేది, బందరు, సూర్యలంక, నెల్లూరు చూసుకుని ఇల్లు చేరాలని మీ ప్లాన్. మొదటిరోజు, చివరిరోజు తప్ప మిగతా రోజుల్లో రెండు వందల కిలోమీటర్ల లోపే కదా, సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. అలా వెళ్తే ఏడు రోజులూ స్టీరింగు పట్టుకునే ఉంటారు. మాది అమలాపురం వైపు. రొయ్యల మేత అమ్మే ఉద్యోగంలో ఇరవై ఏళ్లకు పైగా ఒంగోలుకూ కాకినాడకూ మధ్య తిరిగాను. నెలకు కనీసం రెండుసార్లు ఈ రోడ్డంతా నా చక్రాల కింద నడిచింది. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. మీ ప్లాన్‌లో సగం తీసేయండి, మిగిలిన సగం మీ అందరికీ గుర్తుండిపోతుంది.

ముందు ఒక విషయం తెలియాలి. మన తీరంలో పెద్ద రోడ్డు సముద్రం పక్కన ఉండదు. విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న బీచ్ రోడ్డు, కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే రోడ్డు లాంటి కొన్ని ముక్కలు తప్ప మిగతా చోట్ల కారులోంచి కెరటం కనిపించదు. ఉప్పాడ రోడ్డునైతే సముద్రమే కోసేస్తుంటుంది. ఎన్నిసార్లు రాళ్లు పోసినా తుఫాను వచ్చినప్పుడల్లా ఒక ముక్క పోతుంది. కత్తిపూడి దగ్గర మొదలై కాకినాడ, అమలాపురం, నరసాపురం, బందరు, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరే 216 నంబరు జాతీయ రహదారే మీకు అసలు దారి. సుమారు 390 కిలోమీటర్లు. దాని మీద మీకు కనిపించేవి వరిచేలు, చెరువులు, కాలవలు, కొబ్బరితోటలు. సముద్రం కావాలంటే ప్రతిసారీ పక్కకు తిరిగి పది, పదిహేను, ఒక్కోచోట పాతిక కిలోమీటర్లు లోపలికి వెళ్లి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. మ్యాప్ చూపించే దూరంలో ఇది లేదు. అందుకే 216 మీద వంద కిలోమీటర్లంటే హైవే మీద రెండు వందల లెక్క వేసుకోండి.

రెండోది నదులు. కృష్ణ, గోదావరి సముద్రంలో కలిసేచోట పాయలుగా చీలిపోతాయి. ఎదురుగా కనిపించే అవతలి ఊరికి వెళ్లాలన్నా వంతెన ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిందే. రోజుకు ఒక్క పెద్ద నది, ఒక్క సముద్రం, అంతకు మించి పెట్టుకోవద్దు.

విశాఖను, నెల్లూరును ఈసారికి వదిలేయండి. విశాఖకు రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతారు, అక్కడ ఆటోలూ క్యాబులూ దొరుకుతాయి, దానికి సొంత కారు అక్కర్లేదు. కారు ఉంటేనే చూడగలిగేది బాపట్లకూ కాకినాడకూ మధ్య ఉన్న ప్రాంతం. బాపట్లలో మొదలుపెట్టి పైకి రండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. మీరు ఈశాన్యం వైపు నడుపుతుంటే మధ్యాహ్నం తర్వాత ఎండ వీపు వైపు ఉంటుంది. అదే కాకినాడ నుంచి కిందికి వస్తే సాయంత్రం మూడు నుంచి సూర్యుడు అద్దంలోంచి సూటిగా కళ్లలోకి కొడతాడు, ఎదురుగా వచ్చే సైకిలు కూడా కనిపించదు. ఇలా వెళ్లడంలో ఒక ఇబ్బంది ఉంది. సముద్రం మీకు కుడివైపు ఉంటుంది కాబట్టి బీచ్‌కు తిరిగిన ప్రతిసారీ ఎదురు వాహనాలను దాటాలి. తొందరపడకండి, ఇండికేటరు వేసి ఆగండి.

మొదటిరోజు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లకుండా నార్కెట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా బాపట్ల చేరండి. మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఉదయం ఆరింటికి బయలుదేరితే మధ్యాహ్నం భోజనం కాస్త ఆలస్యంగా బాపట్లలోనే చేయొచ్చు. రెండు రాత్రులు అక్కడే ఉండండి. సూర్యలంక బీచ్ బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. ఒడ్డునే టూరిజం వాళ్ల కాటేజీలు ఉన్నాయి, దొరికితే అవే మేలు. దొరక్కపోతే ఊళ్లో లాడ్జీలు ఉన్నాయి.

ఆదివారం సూర్యలంక వెళ్లొద్దు. జనం, బస్సులు, పాటల హోరు. మామూలు రోజు ఉదయం ఆరింటికల్లా ఇసుక మీద ఉండండి. జనవరిలో ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది. ఆ వేళకు వేట నుంచి తిరిగొచ్చే పడవలు కూడా కనిపిస్తాయి. నీళ్లలోకి పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. సూర్యలంక, చీరాల దగ్గరి వాడరేవు, రామాపురం, ఈ మూడు చోట్లా ఒడ్డు చూడ్డానికి మెత్తగా ఉంటుంది. లోపల గుంటలు, వెనక్కి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఈత బాగా వచ్చిన కుర్రాళ్లే ఎక్కువగా పోయారు. పోలీసులు ఎర్రజెండా పాతినచోట వాళ్లతో వాదించకండి. పక్కనే వైమానిక దళం స్థావరం ఉంది, ఆ కంచె వైపు ఫోటోలు తీయడం, డ్రోను ఎగరేయడం అస్సలు వద్దు.

అదే రోజు పదకొండింటికి వేటపాలెం వెళ్లండి. జీడిపప్పు కొనుక్కోవడానికి అందరూ ఆగుతారు, మీరూ ఆగండి. కానీ అక్కడి సారస్వత నికేతనం చూడకుండా రావద్దు. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీజీ భవనానికి శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల సంచికలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. మీ నాన్నగారికి చదివే అలవాటుంటే ఆయన్ని అక్కడ గంటసేపు కుర్చీలో కూర్చోబెట్టి మీరు చీరాలలో చీరలు చూసుకుని రావచ్చు. దగ్గర్లోనే మోటుపల్లి. ఇప్పుడు చిన్న ఊరు, ఒకప్పుడు కాకతీయుల రేవు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇకపై లాక్కోబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఆ ఊరి గుడిలో ఉంది. పదేళ్ల పిల్లాడికి ఇది కథలా చెప్పండి, తర్వాత చూసే ప్రతి పడవనీ వాడు వేరేగా చూస్తాడు.

మూడోరోజు బందరు. బాపట్ల నుంచి రేపల్లె, పెనుమూడి వంతెన మీదుగా కృష్ణ దాటితే పులిగడ్డ, అక్కడినుంచి దివిసీమ. మొత్తం వంద కిలోమీటర్ల లోపే, అయినా రోజంతా ఇవ్వండి. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడి రోడ్డుకు దగ్గరే, మెట్ల బాధ లేదు. అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవి వెళ్తే కృష్ణ సముద్రంలో కలిసేచోటు. చివరి నాలుగైదు కిలోమీటర్లు చవిటినేల, అటూ ఇటూ మడచెట్లు. సాయంత్రం నాలుగు దాటాక లోపలికి వెళ్లొద్దు, చీకటి పడితే దారి అడగడానికి మనిషి దొరకడు. సంగమం దగ్గర నీళ్లలో దిగడం మాత్రం ఎవరికీ వద్దు. పైకి నిశ్చలంగా ఉంటుంది, కింద నది ఒకవైపు, ఆటుపోటు ఒకవైపు లాగుతుంటాయి.

దివిసీమలో ఊరూరా కనిపించే తుఫాను షెల్టర్లను చూసి పిల్లలు అవేమిటని అడుగుతారు. 1977 నవంబరు 19న ఇక్కడికి ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాగాయలంక దగ్గర ఒక చెరువు రైతు తాటిచెట్టు చూపించి, నేను ఆ రాత్రంతా దీన్నే కరుచుకుని ఉన్నానండీ అన్నాడు. ఆయన చెయ్యి ఆ చెట్టు మీద అలాగే ఉంది, మాట్లాడుతున్నంతసేపూ తీయలేదు. మీరు వెళ్లేది సెలవుకే. అయినా ఆ ఊళ్లలో ఎవరైనా పెద్దవాళ్లు మాట కలిపితే కాసేపు ఆగి వినండి.

తుఫాను మాట వచ్చింది కాబట్టి సమయం గురించి. మీరు జనవరి ఎంచుకోవడం మంచిదైంది. చాలామంది డిసెంబరు అనగానే చలికాలం, నిశ్చింత అనుకుంటారు. 2018లో పెథాయ్ తుఫాను మా కాట్రేనికోన దగ్గర తీరం దాటింది డిసెంబరు 17న. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటింది డిసెంబరు 5న. జనవరి మొదటి వారానికి ఆ భయం బాగా తగ్గుతుంది. కానీ పదో తేదీ లోపల ఇంటికి చేరిపోండి. సంక్రాంతికి మా వైపు లాడ్జీలు దొరకవు, రోడ్ల మీద కారు కదలదు. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం చూడాలనుంటే అది వేరే ప్రయాణం, చుట్టాలింట్లో మకాం ఉంటేనే పెట్టుకోండి.

బందరులో ఒక్క రాత్రి చాలు. మంగినపూడి బీచ్‌లో ఇసుక నల్లగా ఉంటుంది, లోతు తక్కువ, పిల్లలకు మిగతావాటికంటే నయం. బందరు లడ్డు, హల్వా కొనుక్కోండి. పొద్దున్నే బయలుదేరి పెడనలో కలంకారీ అద్దకం చూడండి. చెక్క అచ్చును రంగులో ముంచి బట్ట మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు, మళ్లీ పక్కన ఇంకొకటి. గీత కలిసేచోట వెంట్రుకంత తేడా రాదు. అడిగితే పిల్లల చేత కూడా ఒక గుడ్డముక్క మీద వేయిస్తారు.

నాలుగోరోజు బందరు నుంచి నరసాపురం. ఉప్పుటేరు దాటాక రోడ్డుకు రెండువైపులా చెరువులే. ఈ ముక్క మీద జాగ్రత్త. చేపల లారీల నుంచి కారే నీళ్లతో రోడ్డు తడిగా, జిడ్డుగా ఉంటుంది, బ్రేకు కొడితే కారు జారుతుంది. లారీ వెనక దూరంగా ఉండండి. దారిలో మొగల్తూరు వైపు నుంచి పేరుపాలెం బీచ్‌కు వెళ్లొచ్చు. అక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. అప్పటికి ఈ రోడ్డు మీద ఎనిమిదేళ్ల అనుభవం. అయినా గట్టి ఇసుకే కదా అని కారు ఒడ్డు దాకా దింపాను. ముందుచక్రాలు సగం దాకా దిగిపోయాయి. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ ఇంకా దిగాయి. పోటు మొదలైంది, నురగ బంపరుకు రెండు గజాల దూరానికి వచ్చింది. జాలర్లు పరుగెత్తుకొచ్చి ముందు ఇంజను ఆపమన్నారు. టైర్లలో సగం గాలి తీయించారు, చక్రాల ముందున్న ఇసుక చేతులతో తోడేసి తాటాకులు పరిచారు. అప్పుడు రివర్సులో మెల్లగా నడపమని ఎనిమిది మంది తోశారు. కారు బయటపడింది. డబ్బులిస్తే తీసుకోలేదు, ఈసారి రోడ్డు మీదే పెట్టండి అన్నారు. మీరు కూడా తారురోడ్డు దాటి ఒక్క అడుగు దింపకండి. ఎవరి కారో అక్కడ కనిపించినా సరే.

నరసాపురంలో రెండు దారులు. ఒకటి చించినాడ వంతెన మీదుగా గోదావరి పాయ వశిష్ఠ దాటి దిండి, రాజోలు. రెండోది రేవులో పంటు, అంటే కార్లను కూడా దాటించే బల్లకట్టు, ఎక్కి అవతల సఖినేటిపల్లిలో దిగి అంతర్వేది. వరద, గాలి ఉంటే పంటు ఆపేస్తారు కాబట్టి ముందురోజు లాడ్జిలో అడిగి తెలుసుకోండి. నడుస్తుంటే తప్పకుండా అదే ఎక్కండి. నాన్నగారినీ పిల్లల్నీ ముందే దింపి నడిపించండి, కారులో డ్రైవరు ఒక్కడే ఉండాలి. అద్దాలు దించండి, సీటుబెల్టు తీసేయండి. పంటు మీదున్న కుర్రాడు చెయ్యి చూపిస్తాడు, చూపు అతని చేతి మీదే ఉంచి బల్లల మీదికి మొదటి గేరులో ఎక్కించండి. హ్యాండ్‌బ్రేకు వేసి దిగిపోండి. తర్వాత కాసేపు మీకేం పని లేదు. చుట్టూ గోదావరి, పక్కన గుర్రపుడెక్క తేలుతూ పోతుంటుంది, స్కూలు పిల్లలు, చేపల బుట్టలు, ఎవరిదో పెళ్లి సామాను. నా చిన్నప్పుడు పాశర్లపూడి రేవులోనూ, యానాం రేవులోనూ ఇలాగే దాటేవాళ్లం. వంతెనలు వచ్చాక ఆ రేవులు పోయాయి. వంతెనలు కావాలి, ఆసుపత్రికి పోయే గర్భిణి రేవులో ఆగిపోకూడదు. అయినా ఇక్కడ ఇంకా మిగిలిన ఈ పంటు మీద మీ పిల్లలు ఒకసారి గోదావరి దాటితే బాగుంటుందని నాకు గట్టిగా ఉంది.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం మామూలు రోజుల్లో త్వరగానే అవుతుంది. మాఘమాసంలో భీష్మ ఏకాదశి రోజుల్లో కల్యాణం, అప్పుడు ఇసుక వేస్తే రాలదు. మీరు దానికి ముందే వెళ్తున్నారు. దర్శనమయ్యాక సాయంత్రానికి దిండి చేరండి, అక్కడ రెండు రాత్రులు. ఐదోరోజు ఎక్కడికీ కదలకండి, ఈ ప్రయాణంలో నేను మార్చనివ్వని ఒకే ఒక్క ముక్క ఇది. గోవా వెళ్లొచ్చినవాళ్లు మన బీచుల్లో సూర్యాస్తమయం లేదని బాధపడతారు. తూర్పు తీరం కదా, పొద్దు సముద్రంలో పొడుస్తుంది. కుంకడం నది మీద కుంకుతుంది. దిండి వశిష్ఠకు తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి సాయంత్రం అయిదున్నరకు ఒడ్డున కూర్చుంటే సూర్యుడు అవతల చించినాడ కొబ్బరితోటల వెనక దిగుతాడు. నీళ్లు మొదట రాగిచెంబులా మెరుస్తాయి, తర్వాత బూడిదరంగు. పడవ ఇంజను ఆగిపోయాక కొబ్బరాకుల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. నాన్నగారికి కుర్చీ వేస్తే చాలు.

తిండి గురించి ఒక్క మాట. పులస జనవరిలో దొరకదు. గోదావరికి కొత్తనీరు వచ్చే రోజుల్లోనే, అంటే జూలై నుంచి సెప్టెంబరు మధ్య. ఇప్పుడు ఎవరైనా పులస అని పెడితే అది వేరే చేప, డబ్బులు పోగొట్టుకోకండి. దానికి బదులు అంబాజీపేటలో పొద్దున్నే పొట్టిక్కలు తినండి. పనసాకు దొన్నెలో ఉడికిన ఇడ్లీ, ఆకు వాసన పిండికి పడుతుంది. ఎనిమిదిన్నర దాటితే అయిపోతాయి.

ఆరోరోజు అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక దగ్గర గోదావరి మరో పాయ గౌతమి దాటండి. ఆ వంతెనకు లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన మా కోనసీమ మనిషి బాలయోగి గారి పేరు పెట్టారు. దిగగానే యానాం, పుదుచ్చేరిలో భాగం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉంది. పెట్రోలు మన కంటే చవక, ట్యాంకు అక్కడ నింపుకోండి. మందు సీసాలు మాత్రం కారులో పెట్టుకుని బయటికి రాకండి, దాటగానే తనిఖీ ఉంటుంది, పిల్లల ముందు ఆ టెన్షన్ ఎందుకు. కాకినాడకు ముందే కోరింగ అభయారణ్యం. 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి. లోపల చెక్కబాట వేశారు, ఎత్తుపల్లాలు లేవు, నాన్నగారు కూడా మెల్లగా నడవగలరు. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, వెళ్తే బురదలోంచి వేళ్లు పైకి మొలలు గుచ్చినట్టు నిలబడి ఉంటాయి. ఊపిరి పీల్చుకోవడానికే అలా పైకి వస్తాయని పిల్లలకు చెప్పండి. వాటి మధ్య వేలెడంత చేపలు బురద మీద గెంతుతూ కనిపిస్తాయి.

ఇక నడపడం. సూర్యాస్తమయం తర్వాత కారు తీయకండి. మా వైపు లోపలి రోడ్లు చాలావరకు కాలవగట్ల మీద ఉంటాయి, అంచున గోడ ఉండదు. ఎదుటి లైటు కళ్లలో పడిన ఆ రెండు క్షణాల్లో చక్రం గట్టు దాటేస్తుంది. లైట్లు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రి కనిపించవు. ఉదయం ఎనిమిది లోపు మంచు ఉంటుంది, పైలైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టు ఉంటుంది, కిందిలైటే వేసుకోండి. మ్యాప్ అయిదు నిమిషాలు తగ్గుతుందని కాలవగట్టు దారి చూపిస్తే వినకండి, 216 మీదే ఉండండి. రోడ్డు మీద ఇబ్బందైతే 1033, ప్రాణం మీదికి వస్తే 108. నాన్నగారి మందులు రెండు రోజులవి ఎక్కువ పెట్టుకోండి. పెద్ద మందుల షాపులు బాపట్ల, బందరు, అమలాపురం, కాకినాడలో దొరుకుతాయి, మధ్యలో వెతుక్కోవాలి. ఇంటికి చేరిన మర్నాడే కారు కిందిభాగం నీళ్లతో కడిగించండి, ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు.

ఏడోరోజు కాకినాడ నుంచి రాజమండ్రి, విజయవాడ మీదుగా హైదరాబాద్, దాదాపు అయిదు వందల కిలోమీటర్లు. తెల్లవారుజామున అయిదున్నరకు కదిలితే చీకటి పడేసరికి ఊరి అంచుకు వస్తారు. కాజాలు ముందురోజు సాయంత్రమే కొని డిక్కీలో పెట్టుకోండి, ఆ వేళకు కొట్లు తీయరు.